నువ్వుల నూనె రివాల్వర్

హౌస్ డ్రైవర్ వీసా చేతికి రాగానే మా వైపు కుర్రాళ్ళు కొందరు నా దగ్గరికొచ్చి కూర్చుంటారు. మాది జగిత్యాల పక్కన ఒక ఊరు. ఇక్కడ ఇంటికొకరు గల్ఫ్ మొహం చూసినవాళ్ళే, అయినా నన్నే అడుగుతారు. జీతం ఎంత, తిండి ఎవరిది, కఫీల్ మంచివాడో కాదో ఎట్లా తెలుస్తుంది అని. కఫీల్ అంటే వీసాకి పూచీపడ్డ యజమాని, వాళ్ళకీ తెలుసు. ఇవన్నీ ఏజెంటు ముందే చెప్పి ఉంటాడు. అబద్ధమైనా సరే, చెప్పడం మాత్రం చెప్పి ఉంటాడు. నేను వాళ్ళకు ఏజెంటు చెప్పని సంగతి ఒకటి చెప్తాను. మీ యజమాని నడుముకు రివాల్వర్ పెట్టుకుని కూరగాయల మార్కెట్‌కు వెళ్ళే రకమైతే ఏం చేయాలో చెప్తాను. వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ, వాళ్ళ వయసులో నేనూ నవ్వేవాణ్ణే.

నేను పని చేసింది జిజాన్‌లో, సౌదీ దేశానికి దక్షిణపు కొసన. అక్కడ ఒక పక్క సముద్రం, ఇంకో పక్క యెమెన్ దాకా కొండలు. ఆ వైపు ముసలివాళ్ళు మనలాగే లుంగీ కడతారు. పండగకీ పబ్బానికీ తలకు మల్లెపూల దండ చుట్టుకుంటారు, ఆడవాళ్ళు కాదు, మగవాళ్ళు. మా యజమానికి రోజూ పండగే. సన్నగా, పొడుగ్గా, డెబ్భై దాటిన మనిషి. కింద లుంగీ, తలకు మల్లెదండ, నడుముకు తోలు సంచిలో అంత లావు రివాల్వర్. మొదటిసారి చూసినప్పుడు ఈయన పెళ్ళికొడుకో బందిపోటో తేల్చుకోలేకపోయాను. ఆయన్ని మేము బాబా అని పిలిచేవాళ్ళం. అక్కడ ఇంటి యజమానిని పనివాళ్ళంతా అట్లాగే పిలుస్తారు. మా ఇద్దరి మధ్య నడిచేది విరిగిన అరబ్బీ, అదంతా ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

ఆ రివాల్వర్‌ని యెమెన్ వైపు ఇంగ్లీషువాళ్ళు ఏలుతున్న కాలంలో బాబా వాళ్ళ నాన్న ఏడెన్‌లో కొన్నాడట. పిడి కింద ఒక రింగు, ఆ రింగుకు తాడు, ఆ తాడు బాబా మెడలో. లైసెన్సు ఉంది. గుళ్ళు మాత్రం ఆ రకానివి ఇప్పుడెవరూ చేయడం లేదు, మూడే మిగిలాయి, ఆ మూడూ లోపలే ఉన్నాయి. ఇదీ ఆయన చెప్పిన చరిత్ర. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు కొండదారుల్లో దోపిడీలు జరిగేవట. ఇప్పుడా దారుల్లో మలుపుకో కాఫీ కొట్టు, కొట్టుకో కెమెరా ఉన్నాయి. ఇంకా దేనికి బాబా అని ఒకసారి అడిగాను. "ఇన్నేళ్ళుగా ఇది నా నడుముకుంది. ఇన్నేళ్ళలో నా మీద ఒక్కడు చెయ్యెత్తలేదు. పనిచేస్తోందనే కదా?" అన్నాడు.  మన గుమ్మానికి కట్టే నిమ్మకాయా మిరపకాయలూ కూడా ఈ లెక్కనే పనిచేస్తాయి.

చేరిన కొత్తలోనే ఆయన పెద్దకొడుకు నన్ను పక్కకు పిలిచాడు. ఊళ్ళో పెద్ద ఆఫీసులో పనిచేసే మనిషి, ఇంగ్లీషులో మాట్లాడాడు. "అది మా నాన్న ఒంటి మీద ఉన్నంతసేపు చట్టబద్ధమే. పరదేశి చెయ్యి తగిలిందో, ముందు జైలు, తర్వాత దేశం బయటికి. అప్పుడు నేనూ ఏం చేయలేను. ముట్టకు. పడిపోతున్నా పట్టుకోకు," అన్నాడు. ఆ చివరి మాట నా చేతులకు ఎక్కిపోయింది. మెదడు కంటే చేతులకే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఇక మా దినచర్య. బ్యాంకులోకి, ఆసుపత్రిలోకి, సర్కారు ఆఫీసులోకి తుపాకీ రానివ్వరు. ఎక్కడ ఆగినా బాబా దాన్ని ఒక గుడ్డసంచిలో పెట్టి, వెనక సీట్లో ఉంచి, బండి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని లోపలికి పోయేవాడు. నేను బండిలో కూర్చోకూడదు. కూర్చుంటే తుపాకీ నా దగ్గరున్నట్టు. నీడకు పోకూడదు. పోతే తుపాకీ ఎవరి దగ్గరా లేనట్టు. అంచేత నేను బండి పక్కనే నిలబడాలి. ఆనుకుందామంటే ఆ ఎండకు రేకు పెనంలా కాలేది. తుపాకీ ఆయనకు కాపలా, నేను తుపాకీకి కాపలా, సూర్యుడు నాకు కాపలా. చలికాలమని ఒకటి అక్కడ పేరుకే ఉంటుంది. అట్లా నిలబడీ నిలబడీ నా మోకాళ్ళు పోయాయి. డాక్టరు ఏం పని చేస్తావని అడిగితే డ్రైవర్‌నన్నాను. డ్రైవర్లకు నడుం పోతుంది గానీ మోకాళ్ళెందుకు పోయాయని ఆయన ఆశ్చర్యపోయాడు. 

ఆ ఇంట్లో వంటమనిషి రాయచోటి సాయిబు. నేను భాయ్ అనేవాణ్ణి, అతను నన్ను అన్నా అనేవాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఒకరోజు ఉల్లిపాయలు కోస్తూ అన్నాడు.

"అన్నా, నాకొక అనుమానముండాది. ఆ తుపాకి ఎప్పుడన్నా పేలంగ విన్నావా?"

"పేల్తె ముందు సీట్ల కూసున్న నేను ఉంటనా భాయ్?"

"అది కాదన్నా. ఈళ్ళు పెండ్లిండ్లలో గాల్లోకి కాలుస్తాంటారు గదా. మన బాబా ఒక్కనాడన్నా కాల్చినాడా?"

"మూడే గుండ్లున్నయట. ఎట్ల కాలుస్తడు?"

"మూడు ఉండాయని నువ్వు చూసినావా?"

"నేనెందుకు చూస్త? నేను దాని మొకమే చూడ."

 అనుమానం అతనిది, ఎండ నాది. అప్పుడే కొంచెం ఆలోచించి ఉంటే నా మోకాళ్ళు నాకు దక్కేవేమో.

ప్రతి శుక్రవారం పొద్దున బాబా వసారాలో కూర్చుని రివాల్వర్‌ను తుడిచేవాడు. ఆయనకు తుపాకీ నూనె నచ్చదు. జిజాన్‌లో ఒంటెలతో తిప్పే నూనె గానుగలున్నాయి, అక్కడి నువ్వుల నూనెకు చాలా పేరు. ఆ నూనెనే గుడ్డకు అద్ది, పై నుంచి కింది దాకా, పసిపిల్లకు ఒళ్ళు రుద్దినట్టు రుద్దేవాడు. ఆ వాసన తగలగానే నాకు కొండగట్టు గుర్తొచ్చేది. అంజన్నకు పెట్టే సింధూరం నువ్వుల నూనెలోనే కలుపుతారు. మా ఇంటిల్లిపాదికీ అంజన్నే దిక్కు. వీసా వచ్చినా మొక్కే, రాకపోయినా మొక్కే. ఆ పరాయి దేశంలో ఒక తుపాకీ వాసనకు నాకు దేవుడు గుర్తొచ్చేవాడని ఎవరికి చెప్పుకోను?

అంజన్న మాట వచ్చింది కాబట్టి అసలు తప్పు కూడా ఇక్కడే చెప్పేస్తాను. శనివారాలు బాబా కొండ మీదున్న వాళ్ళక్క ఇంటికి వెళ్ళేవాడు. దారిలో లోయ కనిపించే ఒక మలుపు దగ్గర బండి ఆపి, పక్కనున్న చిన్న మసీదులో నమాజు చేసుకునేవాడు. ఆ మలుపు నిండా కోతులు. మన కోతులు కావు. కుక్క మూతి, మెడ చుట్టూ సింహపు జూలు, ఎర్రని పిర్రలు. ఒక్కొక్కటి మేకపోతంత ఉంటుంది. చూడ్డానికి రాక్షసి జాతి, కానీ ఎంతైనా కోతే కదా. అది కూడా శనివారం. నేను అరటిపళ్ళు కొనుక్కుని, బాబా లోపలుండగా వాటికి వేసి, ఎవరూ చూడకుండా ఒక దండం పెట్టుకునేవాణ్ణి. తిండి వేయొద్దని అక్కడ బోర్డు ఉంది. బోర్డు అరబ్బీలో ఉంది, మొక్కు తెలుగులో ఉంది. ఏళ్ళ తరబడి ఇది సాగింది. మా తెల్ల బండి కనబడితే చాలు, ఆ గుంపు కొండ దిగివచ్చి వరసగా కూర్చునేది. నా భక్తికి మెచ్చి అంజన్నే పంపుతున్నాడని మురిసిపోయేవాణ్ణి.

మోకాళ్ళు ఇక పనికి రావని తేలాక ఖురూజ్ అడిగాను. అంటే పూర్తిగా వెళ్ళిపోయే ఎగ్జిట్. బాబా ఒప్పుకున్నాడు, ముద్ర పడింది, బుధవారానికి టికెట్ తీశారు. మా ఆవిడకు ఫోన్ చేసి చెప్తే నమ్మలేదు. అంతకుముందు ఎన్నిసార్లు ఇంటికొచ్చినా నా సంచిలో తిరిగిపోయే టికెట్ ఉండేది, సెలవు సగమైన దగ్గర్నుంచీ ఆమె దానివంకే చూస్తూ ఉండేది. "ఈసారి అది లేదు," అంటే, "నువ్వు వచ్చినంక సంచి నేనే ఇప్పి చూస్త," అంది. నాకు బుధవారం విమానం ఎక్కడం తప్ప ప్రపంచంలో ఇంకో పని లేదు. ఏ గొడవా లేకుండా ఆ కొద్ది రోజులు గడిస్తే చాలు.

మధ్యలో శనివారం వచ్చింది. బాబా తోటలో మామిడి కోతకొచ్చింది, వాళ్ళక్కకు ఒక పెట్టె పళ్ళు బండి వెనకాల పెట్టి బయలుదేరాం. మలుపు దగ్గర ఆగాం. బాబా ఎప్పటిలాగే తాడు మెడలోంచి తీసి, రివాల్వర్‌ను తోలు సంచితో సహా గుడ్డసంచిలో, దారిలో తినడానికి తెచ్చిన రొట్టెల పక్కన పెట్టి వెనక సీట్లో ఉంచాడు. నేను దిగబోయాను. ఆయన నా కాలు వంక చూశాడు.

"ఇవాళ కూర్చో. ఏసీ వేసుకో. ఇంకెన్ని రోజులున్నావు గనక," అని తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇన్నేళ్ళలో ఆయన నాకు చేసిన ఉపకారం అదొక్కటే అనను, చాలా చేశాడు. కానీ సరిగ్గా ఇది మాత్రం చేయకుండా ఉండాల్సింది. ఎందుకంటే ఆ నిమిషం నుంచి నేనూ, తాళమూ, తుపాకీ ఒకే బండిలో ఉన్నాం. చట్టం ప్రకారం అది నా దగ్గరున్నట్టే.

కోతులు దిగివచ్చాయి. ఇదే చివరి శనివారం, మళ్ళీ వీటిని చూడనని మనసు కరిగింది. అద్దం దించి అరటిపళ్ళు వేశాను. వాటిల్లో పెద్దది ఒకటి ఉండేది, జూలు నెరిసిన ముసలి మగది. అది అరటిపండు వంక చూడలేదు. ముక్కు ఎగరేసి ఏదో వాసన పట్టింది. ఒక్క ఊపులో కిటికీలోంచి నా ఒళ్ళోకి, నా ఒళ్ళోంచి వెనక సీట్లోకి దూకింది. నేను అరవడం కూడా మర్చిపోయాను. అది గుడ్డసంచి పట్టుకుని, వచ్చిన దారినే, నా భుజం మీదుగా బయటికి పోతోంది. సంచి పట్టీ నా ముక్కు ముందు నుంచి జారిపోతోంది. చెయ్యి చాపితే అందేది. చెయ్యి చాపాను కూడా. జానెడు దూరంలో అది దానంతట అదే ఆగిపోయింది. పడిపోతున్నా పట్టుకోకు. అంతే, కోతి వెళ్ళిపోయింది. నా చెయ్యి గాల్లోనే ఉంది.

అది రోడ్డు అంచు గోడెక్కి సంచి విప్పింది. రొట్టెలు తినేసింది. తోలు సంచి లోయలోకి విసిరేసింది. రివాల్వర్‌ను రెండు చేతులా పట్టుకుని నాకడం మొదలుపెట్టింది. మనవైపు కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు అంటారు. రివాల్వర్ దొరికితే సంగతేమిటో ఆ సామెత చెప్పిన పెద్దలు ఆలోచించినట్టు లేరు.

ముందు భాయ్‌కి ఫోన్ చేశాను.

"భాయ్, కోతి ఎత్కపోయింది."

"ఏమి ఎత్తకపోయిందన్నా, అరటిపండ్లా?"

"బాబాది. నడుముకు పెట్టుకునేది."

అవతల గరిటె కిందపడిన చప్పుడైంది. "అప్పుడు నువ్వేం జేస్తాండావు?"

"చూస్తున్న."

"పట్టుకోల్యా?"

"ముట్టద్దన్నరు గద భాయ్."

 తర్వాత చాలా నిదానంగా, "అన్నా, నువ్వు బుధవారం పోయేది జగిత్యాలకు గాదు," అని ఫోన్ పెట్టేశాడు.

అప్పటికే ఆ మలుపులో జనం చేరారు. బొగ్గుల మీద టీ కాచే బండి ఉంది, చాపలు పరుచుకున్న కుటుంబాలున్నాయి, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. నమాజు అయిపోయి బాబా, ఆయనతోపాటు ఓ పాతికమంది బయటికొచ్చారు. బాబా గోడ వంక చూశాడు. తడుముకోవాలన్నట్టు చెయ్యి ఖాళీ నడుము మీదికి పోయింది.  

ఎవరు పిలిచారో, పోలీసు జీపు వచ్చింది. అందులో ఒక్కడే ఉన్నాడు, నడివయసువాడు, పొట్ట స్టీరింగుకు తగులుతోంది. దిగి, గోడ మీది దృశ్యం చూసి, మళ్ళీ ఎక్కబోయి, జనం చూస్తున్నారని ఆగాడు.

"ఆయుధం ఎవరిది?"

"నాది," అన్నాడు బాబా.

"లోడ్ చేసి ఉందా?"

బాబా నిటారుగా నిలబడ్డాడు. ఇన్నేళ్ళకు ఒకరు అడగాల్సిన ప్రశ్న అడిగినట్టు, "మూడు గుళ్ళు," అన్నాడు.

ఆ మాట వినగానే పాతికమంది నేల కరిచారు. పోలీసు జీపు వెనక్కి చేరాడు. కోతి తీరిగ్గా గొట్టం నాకుతూ ఇటు తిరిగితే ఇటువాళ్ళు పాకేవాళ్ళు, అటు తిరిగితే అటువాళ్ళు పాకేవాళ్ళు. ఒకాయన టీ ఫ్లాస్కును గుండెకు హత్తుకుని పాకాడు. ఇంకొకడు బోర్లా పడుకునే వీడియో తీస్తున్నాడు. ఒకసారి అది గొట్టం తన కంటికి ఆనించుకుని లోపలికి తొంగి చూసింది.  శత్రువైనా అట్లా పోకూడదు.

జీపు చాటు నుంచే పోలీసు నన్ను పిలిచి ఇఖామా అడిగాడు. ఇఖామా అంటే అక్కడి గుర్తింపు కార్డు, అది లేనిదే మనిషి లేనట్టు. తన ఫోన్‌లో నంబరు కొట్టి చూశాడు.

"ఖురూజ్ పడిందే. ఎప్పుడు ఫ్లైటు?"

"బుధవారం సార్."

"తుపాకీ పోయినప్పుడు బండిలో ఎవరున్నారు?"

"నేనే సార్. నేను ముట్టలేదు."

"తాళం?"

"నా దగ్గరే."

అతను చెడ్డవాడు కాదు. నిజంగానే బాధపడుతూ చెప్పాడు. "చూడు, లోడ్ చేసిన తుపాకీతో పరదేశి ఒంటరిగా ఉన్నాడు, తర్వాత తుపాకీ లేదు. నేను కళ్ళారా చూస్తున్నా, రాసేది మాత్రం అట్లాగే రాయాలి. కోతికి ఇఖామా లేదు, నీకుంది. నా జీపులో కూర్చో. బుధవారం సంగతి మర్చిపో." రేడియోలో సాయుధ దళాన్ని పిలవడానికి చెయ్యి పెట్టాడు.

జీపు వెనక సీట్లో కూర్చున్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మా ఆవిడ సంచి వెతకడానికి ఎదురుచూస్తోంది. నేనేమో అంజన్న పేరు మీద మేపి పెంచిన కోతి చేతిలో జైలుకు పోతున్నాను. ఈ మాట కోర్టులో ఏ భాషలో చెప్పుకోవాలో కూడా తెలియలేదు.

జీపు అద్దంలోంచి బాబా కనిపిస్తున్నాడు. అందరూ నేల మీదుంటే ఆయనొక్కడే నిలబడి ఉన్నాడు. నా వంక చూశాడు, గోడ వంక చూశాడు, నేల మీదున్న తన తోటివాళ్ళ వంక చూశాడు. వాళ్ళంతా ఆయన్ని చిన్నప్పటి నుంచీ ఆ రివాల్వర్‌తోనే చూసినవాళ్ళు. బాబా పోలీసు దగ్గరికి వచ్చి ఏదో గొణిగాడు.

"ఏమిటి?" అన్నాడు పోలీసు.

"అది పేలదు."

"గట్టిగా చెప్పు పెద్దాయనా, రేడియో మోగుతోంది."

బాబా కళ్ళు మూసుకున్నాడు. అక్కడున్న ప్రతివాడికీ వినబడేలా చెప్పాడు. "అది పేలదు. మా నాన్న ఉన్నప్పుడే బిగుసుకుపోయింది. గుళ్ళు ఉన్నాయని ఆయన చెప్పాడు, నేనెప్పుడూ తెరిచి చూడలేదు. అది తెరుచుకోదు. నేను మోస్తున్నది ఇనుము. ఈ మనిషి బండిలో ఉన్నది ఇనుముతో."

నేల మీద ఒక్కరూ కదల్లేదు. పోలీసు తల అడ్డంగా ఊపాడు. "డ్రైవర్‌ను కాపాడ్డానికి చెప్తున్నావు. నేనైనా అట్లాగే చెప్పేవాణ్ణి."

బాబా లుంగీ ఎగ్గట్టి, తలమీద దండ సర్దుకుని, నేరుగా గోడ దగ్గరికి నడిచి, కోతికి మూడు అడుగుల ఎదుట రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. గొట్టం సరిగ్గా ఆయన గుండె మీదికే ఉంది. కోతి ఆయన్నీ, ఆయన మల్లెపూలనీ చూసి పళ్ళు ఇకిలించింది.  అప్పటికి నేనూ పోలీసు చెప్పిందే నమ్ముతున్నాను, నన్ను కాపాడ్డానికి ఈ ముసలాయన ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నాడని.

జీపు తలుపు తీసి, "సార్, నన్ను దిగనియ్యండి. మా దగ్గర ఇది రోజూ జరిగేదే," అన్నాను.

"రోజూ తుపాకీలు ఎత్తుకుపోతాయా?"

"కళ్ళద్దాలు సార్."

అతను ఏమనుకున్నాడో, చేత్తో పొమ్మన్నాడు. కొండగట్టు మెట్ల మీద పెరిగిన ఎవరికైనా ఇది తెలుసు. కోతి వస్తువు లాక్కుంటే అరవకూడదు, వెంటపడకూడదు, కళ్ళలోకి చూడకూడదు. అంతకంటే మంచిది ఒకటి దాని ముందు పెట్టి, మనకేమీ పట్టనట్టు మొహం తిప్పుకోవాలి. అది రెండు చేతులతో తినే పండైతే మరీ మంచిది. బండి వెనకాల పెట్టెలోంచి అన్నిటికంటే పెద్ద మామిడిపండు తీశాను. కుంటుకుంటూ వెళ్ళి గోడ మీద పెట్టి, బాబా పక్కనే నిలబడి ఇద్దరం ఆకాశం వంక చూశాం.

అది కాసేపు ఆలోచించింది. తర్వాత మామిడిపండుకు రెండు చేతులూ చాపింది. రివాల్వర్ గోడ మీంచి దొర్లి, రాళ్ళ మీద ఠంగున పడింది. వెనకాల పాతికమంది తలలు ఒక్కసారిగా మోచేతుల్లో దూరాయి.

ఏమీ కాలేదు. కోతి పండు చీకుతున్న చప్పుడొక్కటే వినిపించింది.

పోలీసు వచ్చి దాన్ని చేతిరుమాలుతో ఎత్తాడు. మీట నొక్కి తెరవబోయాడు, తెరుచుకోలేదు. రెండు చేతులతో లాగాడు. మోకాలికి ఆనించి లాగాడు. ట్రిగ్గరు వేలికి కదల్లేదు, మొత్తమంతా బంకబట్టి ఒకే ముద్దయింది. వాసన చూశాడు.

"ఇది నువ్వుల నూనెనా?"

"అసలైనది. గానుగది," అన్నాడు బాబా. ఆ పరిస్థితిలో కూడా నూనె గురించి తగ్గలేదు.

"ఎన్నాళ్ళుగా?"

"మా నాన్న కాలం నుంచీ."

పోలీసు చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. చివరికి, "దీన్ని ఆయుధమని రాస్తే మా పైవాళ్ళు నా ఉద్యోగం తీసేస్తారు," అని ఇఖామా నా చేతిలో పెట్టాడు. "లోపల ఏముందో నిపుణులు చూడాలి, ఇది నా దగ్గరుంటుంది. నువ్వు బుధవారం వెళ్ళిపో. వెళ్ళేదాకా ఏ కోతికీ ఏమీ పెట్టకు," అన్నాడు. జనం ఒక్కొక్కరే లేచి బట్టలు దులుపుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను, నవ్వకపోవడమే బాబాకు ఎక్కువ తగిలింది. కళ్ళెత్తకుండా బండి దాకా వచ్చాడు.

ఇక నాకు కోపం రావడం మొదలైంది. బతికి బయటపడ్డ రెండు నిమిషాలకే వచ్చింది, మనిషి బుద్ధి అంత గొప్పది. నా మోకాళ్ళు ఇనుప ముద్దకు కాపలా కాసి పోయాయి. ఏ బ్యాంకు ముందు ఎన్ని మధ్యాహ్నాలు, ఏ ఆసుపత్రి ముందు ఎన్ని వేసవులు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"బాబా, నాకైనా చెప్పొచ్చు కదా. నేను బండిలో కూర్చునేవాణ్ణి," అన్నాను. గొంతు కొంచెం లేచిందనే ఒప్పుకుంటాను.

"నువ్వు ఏసీలో కూర్చుంటే," అన్నాడు ఆయన చిన్నగా, "అది పేలదని ఊరంతటికీ తెలిసిపోయేది."

ఏమనాలి ఆ మనిషిని? ఏళ్ళ తరబడి నా కాళ్ళ ఖరీదుతో కాపాడుకున్న పరువును, నా ఒక్క బుధవారం కోసం పాతికమంది ముందు నేల మీద పోసేశాడు. నాకు కోపమూ పోలేదు, దాన్ని చూపించడానికి మొహమూ చెల్లలేదు. బండి స్టార్ట్ చేశాను.

ఆయన వెనక తలుపు తీసి, మళ్ళీ మూసి, ముందుకొచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. అట్లా కూర్చోవడం అదే మొదటిసారి. ఆ పూట అక్క ఇంటికి పోకుండా వెనక్కి కొండ దిగుతుంటే ప్రతి మలుపు దగ్గరా చేతులు ఒళ్ళో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కదులుతున్నాడు. నిజంగా భయపడుతున్నాడు. పేలని ఇనుమని అందరికంటే బాగా తెలిసిన మనిషి, అది లేకపోయేసరికి దారిపొడుగునా భయపడుతున్నాడు.

కొంతదూరం పోయాక, "దారిలో ఎవరైనా అడ్డం వస్తే?" అన్నాడు.

"నేనున్నాను కదా బాబా," అన్నాను.

ఆయన నా వంక తిరిగాడు. నా నెరిసిన జుట్టూ, బ్రేకు మీద వణుకుతున్న కాలూ, స్టీరింగు మీది ఖాళీ చేతులూ అన్నీ నిదానంగా చూశాడు.

"అయితే తలుపులకు లాక్ వెయ్యి," అన్నాడు.